ఇంగువ పట్టించిన విమానం

ఇలా దగ్గరికి జరగండి. ఆ సోఫా చివర కాదు, ఈ బల్ల పక్కకే వచ్చి కూర్చోండి. టీ చల్లారితే మళ్ళీ పెట్టుకుందాం. పిల్లలు లోపలి గదిలో ఆడుకుంటారు, వాళ్ళ ధ్యాస వదిలేయండి. నేను చెప్పబోయేది ఒక పగ కథ. విని నా మీద జాలి పడొద్దు, నన్ను మందలించనూ వద్దు. ఆ పని చేసినందుకు నాకు ఇవాళ్టికీ కడుపు చల్లగానే ఉంది.

ఈ అద్దాల బీరువాలో ఉన్న విమానాలు చూశారు కదా. ఇవి కొన్నవి కావు. డబ్బా విప్పి ముక్కలు అతికించినవీ కావు. చెక్క చెక్కి, ప్లాస్టిక్ రేకు కోసి, లప్పం పెట్టి, రుద్ది రుద్ది నా చేతులతో చేసినవి. మా నాన్న వడ్రంగి. ఏడో తరగతితో బడి ఆపేశాక ఆయన పక్కన కూర్చుని గరుకు కాగితంతో రుద్దడమే నా చదువు. నన్ను చేసుకున్నది మా మేనత్త కొడుకు. ఆయన బాగా చదివి ఈ డ్యూసెల్‌డార్ఫ్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరాడు. నేను ఆయన వెనక ఒక పెట్టెతో వచ్చాను. ఆ పెట్టెలో చీరల మధ్య మా నాన్న సన్న ఉలి ఒకటి ఉండేది. ఎందుకు తెచ్చానంటే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

మా వంటింటి కిటికీలోంచి దిగే విమానాల పొట్టలు కనిపిస్తాయి. మొదట్లో ఇక్కడి భాష రాదు, మనుషులు తెలియరు. మా ఆయన ఆఫీసుకి, పిల్ల కీటా అనే చిన్నపిల్లల బడికి వెళ్ళాక నాకు మాట్లాడేవి ఆ విమానాలే. చప్పుడు విని ఏదొస్తుందో చెప్పేసేదాన్ని. వాటిలో ఒకటి నాకు మరీ ఇష్టం. సన్నగా, పొడుగ్గా ఉండేది, ఇంజిన్లు రెండూ తోక దగ్గర జడగంటల్లా. కొన్నాళ్ళకు అది రావడం మానేసింది. పాతబడిందట, పక్కన పెట్టేశారట. దాని బొమ్మ కోసం ఆదివారం పాత సామాన్ల సంతలో వెతికాం. నాకు కావలసిన సైజులో అది ఎవరూ చేయరని అమ్మేవాడు చెప్పాడు. ఎవరూ చేయకపోతే నేనే చేస్తానని ఇంటికొచ్చాను.

మా వీధిలో ష్పెర్‌ముల్ రోజున పాత మంచాలు, బీరువాలు బయట పెడతారు. అందులోంచి ఒక మంచం పట్టె తెచ్చుకున్నాను. మెత్తటి చెక్క, నాన్న ఉలికి వెన్నలా తెగింది. అట్టముక్కల్లో సగం గుండ్రాలు కోసి పొట్టకి ఆనించి చూసేదాన్ని. ఎక్కడైనా వెలుతురు కనిపించిందా, అక్కడ ఇంకా పని ఉందని. బూడిద రంగు కొట్టగానే దాగిన గీతలన్నీ బయటపడేవి. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దడం. ఒకసారి ఎడమ రెక్క కింద ఆకురాయి జారి చిన్న గీత పడింది. ఎంత లప్పం పెట్టినా జాడ పోలేదు. పోనీలే, పిల్ల చెంప మీద పుట్టుమచ్చ అనుకున్నాను. ఆ గీతని గుర్తు పెట్టుకోండి.

ఇక అసలు మనిషి సంగతికి వస్తాను. మేం ఉప్పూ పప్పూ కొనే కిరాణా కొట్టు మా వైపు ఆయనదే. అందరం దుకాణం అన్న అంటాం. కౌంటర్ వెనక గోడకి చిన్న చిన్న విమానాలు వరసగా పెట్టి ఉండేవి. ఊళ్ళో విమాన బొమ్మలు చేసేవాళ్ళ సంఘం ఒకటుంది, ఆయన అందులో పాతకాపు. నేను చేస్తున్నది చెబితే ముచ్చటపడ్డాడు. ఉన్నమాట చెప్పాలి కదా, అచ్చు తీయడం నాకు నేర్పింది ఆయనే. అసలు బొమ్మని డబ్బాలో నిలబెట్టి చుట్టూ సిలికాన్ పోస్తే, అది ఒక రాత్రికి రబ్బరులా గడ్డకడుతుంది. కోసి బొమ్మని తీస్తే లోపల దాని ఆకారంలో బోలు మిగులుతుంది. ఆ బోలులో రెజిన్, అంటే రెండు సీసాల ద్రవం కలిపింది, పోస్తే టీ తాగి వచ్చేలోపు గట్టిపడి ఇంకో బొమ్మ వస్తుంది. ఒక్క అచ్చుతో ఎన్నో.

నేను పోసిన మొదటి అచ్చు చెడిపోయింది. పైకి బాగానే ఉంది కానీ లోపల అక్కడక్కడా జిగురు జిగురుగా ఉండిపోయింది. కొట్టుకి తీసుకెళ్ళి చూపిస్తే దుకాణం అన్న నలుగురు గిరాకీల ముందు పకపకా నవ్వాడు.

"కొలత రాకపోతే గిట్లనే అయితది చెల్లె. గిది పప్పుచారు గాదు, చేతికొచ్చినంత పోసుడు."

ఇంటికొచ్చి ఆ అచ్చుని కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. జిగురు ఉన్నచోట్లు ఊరికే ఉన్నవి కావు. ఒకచోట బొటనవేలంత, ఎదురుగా నాలుగు వేళ్ళంత. అంటే నేను బొమ్మని పట్టుకున్న చోట్లే. ఆ రోజు పిల్ల పుట్టినరోజని పులిహోర చేశాను. ముద్ద ఇంగువ చిదిమి, చెయ్యి తుడుచుకుని అదే చేత్తో బొమ్మని పట్టుకున్నాను. అనుమానం తీరాలని రెండు ప్లాస్టిక్ చెంచాలు తీసుకున్నాను. ఒకదానికి ఇంగువ పూసి, ఒకదానికి పూయకుండా సిలికాన్ పోశాను. పూయనిది గట్టిపడింది. పూసింది బెండకాయ కోసిన కత్తిలా అయింది. ఆనాటి నుంచి అచ్చు పోసే రోజున మా ఇంట్లో చారుకి ఇంగువ లేదు. ఈ సంగతి దుకాణం అన్నకి చెప్పలేదు. నలుగురిలో నవ్విన మనిషికి నేనెందుకు చెప్పాలి?

కొన్నాళ్ళకి ఆయనే ఇంటికొచ్చాడు. "చెల్లె, నీ విమానం ఒకసారి మా సంఘపోళ్ళకు చూపిచ్చి తెస్త" అన్నాడు. అన్న అడిగాడని పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాను. చాలా రోజులకి తిరిగొచ్చింది. తోక విరిగి, మళ్ళీ అతికించి ఉంది. బస్సులో ఎవరిదో మోచెయ్యి తగిలిందన్నాడు. నేను నమ్మాను. అచ్చులోంచి లాగేటప్పుడు విరిగే చోటు అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ చలికాలం ముందు సంఘంవాళ్ళు ఒక పెద్ద హాల్లో విమానాల ప్రదర్శన పెట్టారు. మా ఆయనా నేనూ సరదాగా వెళ్ళాం. మధ్య బల్ల మీద నా విమానం ఉంది. ఒకటి కాదు, వరసగా, తెలుపు, నీలం, ఆకుపచ్చ, రకరకాల రంగుల్లో. ముందు అట్టముక్క మీద దుకాణం అన్న పేరు, పక్కన బహుమతి రిబ్బన్. నేను ఒకదాన్ని తిరగేశాను. ఎడమ రెక్క కింద గీత. ఇంకోటి తిరగేశాను. అదే గీత. నా పుట్టుమచ్చ ఆ పిల్లలందరి చెంపల మీదా ఉంది.

ఆయన జనం మధ్యలోంచి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఎట్లున్నయ్ చెల్లె? అన్న కష్టమెట్లుంది?"

"గివి నావే గదా అన్నా" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. నవ్వు మాత్రం తగ్గలేదు. "నువ్విచ్చింది ఒక్క బొమ్మ. గివన్ని పోసింది నేను. పిండి రుబ్బినోళ్ళను ఎవరన్న అడుగుతరా చెల్లె, దోశ పోసినోన్నే అడుగుతరు."

నాకు అప్పుడు వచ్చిన జర్మన్ ఎంత? పాలు, రొట్టె, డాక్టర్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం చెప్పను, ఎలా చెప్పను? కారులో మా ఆయన స్టీరింగ్ చూస్తూ అన్నాడు.

"ఇడిసిపెట్టు. ఈ ఊర్ల మనకున్నదే నలుగురు. రేపేదన్న ఆపదొస్తే ఉరికొచ్చేది గాయనే."

"ఉరికొస్తడు. మళ్ళ ఏమన్న ఎత్తుకపోనీకి" అన్నాను.

మా ఆయన మంచివాడు, కానీ ఆ రోజు ఆయన మాట నా చెవికి ఎక్కలేదు. నాకు కావలసింది రిబ్బన్ కాదు. ఆ విమానం చేసింది ఈమె అని ఆ హాల్లో, ఆ జనం ముందు, దుకాణం అన్న నోటితోనే రావాలి. అంతకు తక్కువకి నా మనసు ఒప్పుకోలేదు.

చలికాలమంతా రెండో విమానం చేశాను. ఇది వేరే రకం. రెక్కలు వీపు మీద ఉంటాయి, వాటి కింద నాలుగు చిన్న ఇంజిన్లు వేలాడతాయి. చేస్తున్నానని కొట్టులో నేనే నాలుగుసార్లు కావాలని చెప్పాను. గుండ్రటి పొట్ట ఎలా వచ్చిందో, ముక్కు ఎలా తిప్పానో ఊరించి ఊరించి చెప్పాను. మరోవైపు సాయంత్రం తరగతుల్లో ఇక్కడి భాష కూడా పట్టాను. పిల్ల నేను పలికే తీరుకి నవ్వేది. నవ్వితే నవ్వనీ, నాకు కావలసినవి పట్టుమని పది మాటలే.

నేను అనుకున్నట్టే వేసవి దాటగానే ఆయన మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. ఈసారి ప్రదర్శనలో అందరూ చూస్తుండగా అచ్చు పోసి చూపించమని సంఘంవాళ్ళు ఆయనని అడిగారట. శనివారం పోయడం, ఆదివారం విప్పడం. దానికి కొత్త బొమ్మ కావాలి.

అక్కడ నేను ఆయనకి ఒక దారి వదిలాను. తప్పుకునే దారే.

"ఇస్త అన్నా. నా పేరు గూడ పెడతవా?"

"పేరెందుకు చెల్లె? మనలో మనకు నీది నాదని ఉంటదా? తెలుగోళ్ళ పేరు నిలబడితె జాలదా?"

"నిజమే అన్నా" అన్నాను. "పొట్ట ఒక్కటే ఇస్త, రెక్కలు ఇంక కాలే. శనివారం పొద్దుగాల వచ్చి తీస్కపో."

డబ్బాలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అది నేను తిన్నాను కూడా. తీపి మీద నాకు కోపం లేదు.

ముందు నా కోసం నేను ఒక అచ్చు తీసుకున్నాను. శుభ్రంగా, అద్దంలా వచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టి దాచాను. తర్వాత కొట్టుకి వెళ్ళి ముద్ద ఇంగువ అడిగాను. ఆయనే తూచి పొట్లం కట్టాడు.

"ఏంది చెల్లె, గింత ఇంగువ? తొక్కు పెడుతున్నవా?"

"అవునన్నా, తొక్కే. నీకు రుచి జూపెడత తియ్యి."

ఇంటికొచ్చి ఇంగువని గోరువెచ్చని నూనెలో నానబెట్టాను. బొమ్మ మీది బూడిద రంగు సున్నం గోడలాంటిది, ఏది పూసినా తాగేస్తుంది. కుంచెతో పూసి, గుడ్డతో తుడిచి, బాల్కనీలో ఆరబెట్టాను. మళ్ళీ పూశాను, మళ్ళీ తుడిచాను. ముక్కుకి, కిటికీల వరసకి, తోకకి ఎక్కడా తక్కువ చేయలేదు. చంటిపిల్లకి నలుగు పెట్టినంత ఓపికగా పెట్టాను. పైకి చూస్తే ఏమీ తెలియదు. మా పిల్ల మాత్రం బడి నుంచి రాగానే ముక్కు మూసుకుని "అమ్మా, దస్ ష్టింక్ట్" అని తన గదిలోకి పారిపోయింది. కంపు కొడుతోందట. కొట్టనీ అన్నాను. రోజంతా ఇంగువ మూటల మధ్య కూర్చునే మనిషికి ఆ వాసన గాలితో సమానం. నా ధైర్యమంతా అదే.

శనివారం పొద్దున్నే ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాను.

"అన్నా, రంగు కొత్తది. స్పిరిట్ పెట్టి తుడవకు, లేస్తది."

"నాకు జెప్తున్నవా" అని నవ్వి పట్టుకెళ్ళాడు. రంగు లేచేమాట అబద్ధం కాదు. తొక్కు మాట తప్ప నేను చెప్పినవన్నీ నిజాలే.

హాల్లో ఆయన తెల్ల కోటు వేసుకుని నిలబడ్డాడు. డబ్బాలో నా విమానం పొట్టని నిలువుగా నిలబెట్టి సన్నధారగా సిలికాన్ పోస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. సంఘం పెద్ద, రైళ్ళలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెల్లమీసాల తాత, పక్కనే నిలబడి ముక్కు ఎగబీల్చాడు. వెల్లుల్లి వాసనా అని అడిగాడు. "నా కొట్టు వాసన, బట్టలకి పట్టేస్తుంది" అని దుకాణం అన్న అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం నేను టిఫిన్ సంచీలో నా అచ్చు పెట్టుకుని వెళ్ళాను. మా ఆయనకి ఏమీ చెప్పలేదు, ఆయన పిల్లకి ఐస్‌క్రీమ్ కొనే పనిలో ఉన్నాడు. బల్ల చుట్టూ కిందటి రోజు కంటే ఎక్కువ జనం. దుకాణం అన్న డబ్బా గోడలు విప్పాడు. సిలికాన్ దిమ్మ పైకి చక్కగా గట్టిపడి ఉంది. దాన్ని అరచేతిలో ఎత్తి అందరికీ చూపించాడు. తర్వాత కత్తితో నిలువునా కోసి రెండు చేతులతో తెరిచాడు.

లోపల విమానం లేదు. విమానం ఆకారంలో జిగురు ఉంది. ఆయన లాగినకొద్దీ తీగలు సాగాయి. ముక్కు నుంచి తీగలు, తోక నుంచి తీగలు. కిటికీల వరస మీద చీమిడిలా కారుతోంది. చేతికి అంటింది, చేతి నుంచి కోటుకి అంటింది, కోటు నుంచి బల్లగుడ్డకి అంటింది. ఎవరిదో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వలేదు, అది ఇంకా బాగుంది.

"సామాను పాతది" అన్నాడు ఆయన జర్మన్‌లో. తాత డబ్బా తిప్పి చూసి, నిన్న నీ చేత్తోనే కొత్తది విప్పావు కదా అన్నాడు.

అప్పుడు నేను ముందుకెళ్ళాను. సంచీలోంచి నా అచ్చు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన రెజినే, ఆయన గ్లాసులే తీసుకున్నాను. రెండు సీసాలూ సమంగా కలిపి, బుడగ రాకుండా అంచు వెంట పోశాను. గట్టిపడేదాకా నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆయన నా అచ్చుని చూస్తున్నాడు. తర్వాత అచ్చు విప్పి తెల్లటి విమానం పొట్టని తీసి, జిగురు కారుతున్నదాని పక్కన పెట్టాను. అదే ముక్కు, అదే కిటికీలు.

తాత రెండింటినీ వంగి వంగి చూశాడు. దీని అసలు బొమ్మ ఎవరు చేశారని అడిగాడు.

"ఇష్" అన్నాను. నేను అని. అటు గోడ దగ్గర మళ్ళీ పెట్టిన కిందటేటి రంగురంగుల వరసని కూడా చూపించి, "అవీ నేనే" అన్నాను. అన్ని నెలలు దాచుకున్న మాటలు అవి.

దుకాణం అన్న వేళ్ళు తుడుచుకుంటూ ఒక్కసారి ఆగిపోయాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రోజూ పీల్చే వాసనే అయినా, ఎక్కడ ఉండాలో అక్కడ కాకుండా ఇంకోచోట ఉంటే తెలుస్తుంది కదా. నా వైపు తిరిగి తెలుగులో, నెమ్మదిగా అన్నాడు.

"ఇంగువ."

"నీ దుకాణంల కొన్నదే అన్నా. నువ్వు తూచిందే."

ఆయన మొహం ఎర్రబడింది. తాత వైపు తిరిగి జర్మన్‌లో మొదలుపెట్టాడు. "ఈమె బొమ్మకి ఏదో పూసింది, ఈమె కావాలనే..."

"ఏ బొమ్మకి?" అన్నాడు తాత. "నీ బొమ్మ ఈమె చేతికి ఎలా వెళ్ళింది?"

నేను చెడగొట్టానని చెప్పాలంటే బొమ్మ నా ఇంటి నుంచి వచ్చిందని చెప్పాలి. అది చెబితే మిగిలినదంతా దాని వెనకే వస్తుంది. నేను చెక్క చెక్కినన్నాళ్ళూ ఈ ఒక్క క్షణాన్నే మలిచాను. ఎటు తిరిగినా వెలుతురు దూరే సందు లేకుండా మలిచాను.

"జెప్పన్నా" అన్నాను. "పిండి రుబ్బింది ఎవరో జెప్పు."

ఆయన నేల చూశాడు. బల్లని చూశాడు. చివరికి, ముందువరసకి మాత్రమే వినిపించేలా, ఈమే చేసింది అన్నాడు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంకోసారి చెప్పమన్నాడు. ముసలాయనకి నిజంగా వినపడలేదో, లేక నా కడుపులో మంట ఆయనకి తెలిసిందో నాకు తెలియదు. దుకాణం అన్న ఇంకోసారి, గట్టిగా చెప్పాడు. రెండు విమానాలూ ఈమెవే అని.

తాత జేబులోంచి పెన్ను తీసి, రంగుల వరస ముందు ఉన్న అట్ట తిరగేసి, నా పేరు అడిగి, అక్షరం అక్షరం నాతో చెప్పించుకుని రాశాడు. మా ఆయన చేతిలో ఐస్‌క్రీమ్ కరుగుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. ఇంటి దగ్గర కారు దిగేముందు, "ఇంగువ ఎంత వట్టింది?" అన్నాడు. మొత్తం అన్నాను. ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

అంతటితో చల్లారానా అంటే లేదు. ఇప్పటికీ ఇంగువ ఆ కొట్టులోనే కొంటాను. వేరే కొట్టు దగ్గర్లోనే ఉన్నా, ట్రామ్ ఎక్కి మరీ అక్కడికే వెళతాను. ఆయన తల ఎత్తకుండా పొట్లం కడతాడు. నేను తీరిగ్గా నిలబడి ఆయన వెనక గోడ చూస్తాను. మొదటి ప్రదర్శన తర్వాత ఆ గోడకి ఆయన పెట్టుకున్న నా విమానం ఇప్పుడు లేదు. దాని ఆకారంలో వెలిసిపోని రంగు మాత్రం ఉంది. దాన్ని చూసి, పొట్లం తీసుకుని, "వస్త అన్నా" అని వస్తాను.

ఇదిగో, టీ చల్లారనే చల్లారింది. ఉండండి, మళ్ళీ పెడతాను. ఇంతసేపు దగ్గర కూర్చుని విన్నారు కాబట్టి మీ ఇల్లు పదికాలాలు పచ్చగా ఉండాలి. మీ వంటింట్లో ఇంగువ కూరల్లోనే ఉండాలి. మీరు పోసిన ప్రతి అచ్చూ గట్టిపడాలి, మీ పిల్లలు చేసిన పని మీద మీ పిల్లల పేరే ఉండాలి.